వెయ్యేండ్ల బిళ్ళ

ఇంటిలోని పెండ్లిండ్లు, అక్షరాభ్యాసములు, వృద్ధుల మాటలు, పసివారి తప్పటడుగులు చలనచిత్రములుగా తీయించుకొన్న కుటుంబములవారు, వానిని చిరకాలము నిలుపుటకు ఏ విధమైన బిళ్ళపై వ్రాయించిన మేలని యడుగుట తఱచుగా వినవచ్చుచున్నది. సీడీయా, డీవీడీయా, బ్లూరేయా? బ్లూరేలో ఏ రకము? ఈ ప్రశ్నకు అంగడివాడు జవాబు చెప్పును. జవాబుతోపాటు వెలయు చెప్పును. బడిపంతులమైన మాకును ఒక జవాబు చెప్పక తప్పుట లేదు. ఏలయన, పంతులు చదివినవాడు గనుక యంత్రములగుఱించియు నెఱిగియుండునని మన యూళ్ళలో నొక నమ్మకము. ఆ నమ్మకమును చెఱపకుండుటకై మేమును కొంత చదివితిమి. చదివినకొలది మాకు తోచిన దేమనగా, ఈ ప్రశ్నలో సగమే రసాయనశాస్త్రమునకు సంబంధించినది. తక్కిన సగము ధర్మశాస్త్రమునకు సంబంధించినది. ఆ రెండవ సగమును అంగడివాడు చెప్పడు. చెప్పవలసిన పనియు వానికి లేదు.

మన స్మృతికర్తలు వ్యవహారపదములు పదునెనిమిది యని లెక్కించి, అందు నిక్షేపము నొకటిగా చెప్పిరి. ఒకడు తన సొమ్మును నమ్మకముతో మఱియొకని యొద్ద దాచుట నిక్షేపము. యాజ్ఞవల్క్యుడు ఈ ప్రకరణమున నుపనిధి యను దానిని వేఱుగా చెప్పినాడు. పెట్టెలో పెట్టి, లోపల నేమి యున్నదో చెప్పకయే యప్పగించిన వస్తువు ఉపనిధి. పుచ్చుకొన్నవాడు దానిని ఉన్నదున్నట్లుగా తిరిగి యీయవలెను. రాజువలనగాని, దైవవశమునగాని, దొంగలవలనగాని పోయినచో వానిది తప్పు కాదు. అడిగినను ఈయకున్న తప్పు. తన యిచ్చవచ్చినట్లు వాడుకొన్నను తప్పు.

వీడియో బిళ్ళను చూచినపుడెల్ల మాకీ యుపనిధి స్ఫురించును. తాళపత్రమును కంటితో చదువవచ్చును; ఛాయాచిత్రమును కంటితో చూడవచ్చును. బిళ్ళలో నేమున్నదో యంత్రము లేనిదే యెవ్వరికిని తెలియదు. అది మూతవేసిన పెట్టె. దాచినవారిలో పలువురు గతించిరి. తిరిగి పుచ్చుకొనవలసినవారిలో పలువు రింకను పుట్టలేదు. నడుమ నున్న మనము దానికి యజమానులము కాము, కాపుదారులము మాత్రమే. ఈ మాట నొప్పుకొన్నచో, ఏ బిళ్ళ కొనవలెనన్నది వట్టి బేరపు విషయము గాక, మన కర్తవ్యమునకు సంబంధించిన విషయమగును.

మన యిండ్లలో నీ కథ క్యాసెట్టుతో మొదలైనది. 1976లో జపానులో వెలువడిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు కొన్నియేండ్లకు తెలుగునాటి పెండ్లిపందిళ్ళకును చేరినది. ఒక తరమువారి వివాహములు ఆ యయస్కాంతపు పట్టీలపై నున్నవి. సముద్రతీరపు తేమకు ఆ పట్టీలకు బూజు పట్టును. పట్టీ బాగున్నను దానిని చూపు యంత్రము కావలెను గదా! ఆ యంత్రములను తుదివఱకు తయారుచేయుచుండిన జపానుదేశపు ఫునాయి కంపెనీ 2016 జూలైలో ఆ పని మానుకొన్నది. కావున క్యాసెట్టులోనిదానిని మఱియొక వాహకమునకు మార్పించుట వాయిదా వేయదగిన పని కాదు. ఇంతవఱకు వివాదము లేదు.

బిళ్ళలు చూపునకన్నియు నొక్కటే. లోపలి నిర్మాణము వేఱు. పాటలతోను సినిమాలతోను అచ్చువేసి యమ్ము బిళ్ళలలో గుంటలు అచ్చుపోసినవి. మనము వ్రాయించుకొను సీడీ, డీవీడీలలో అట్టి గుంటలుండవు. ఒక పలుచని రంగుపొర యుండును. లేసరు కిరణము ఆ రంగును చుక్కచుక్కగా మాడ్చును. మాడిన చోటునకు మాడని చోటునకు గల భేదమే మన చిత్రము, మన మాట. ఆ రంగు సేంద్రియపదార్థము. బట్ట కద్దిన రంగు ఎండకు వెలియునట్లే యిదియు వెలుతురునకు, వేడికి, తేమకు క్రమముగా లొంగిపోవును. రంగుపొర వెనుక వెలుగును త్రిప్పికొట్టు లోహపుపొర యొకటి కలదు. అది తఱచుగా వెండి. వెండి గాలికి నల్లబడునని, వెండిగిన్నెలు తోము గృహిణులకు మేము చెప్పనక్కఱలేదు. బంగారపుపొర వేసిన బిళ్ళలును గలవు. బంగారము నల్లబడదు గనుక అవి మేలు. అయినను బంగారపుపొరను ఆనుకొనియున్న రంగు రంగే.

సీడీలో ఈ పొరలు పేరు వ్రాయు వైపున, పలుచని పూత క్రిందనే యుండును. అందువలన మెఱయు వైపున పడిన గీతలకంటె పేరున్న వైపున పడిన గీతలే యెక్కువ ప్రమాదకరములు. బాల్‌పెన్నుతో గట్టిగా నొత్తి పేరు వ్రాయుటయు చేటే. డీవీడీలో నన్ననో ఈ పొర బొబ్బట్టులోని పూర్ణమువలె రెండు ఫలకముల నడుమ నుండును. ఆ ఫలకములను జిగురుతో నతికినారు. బ్లూరేలో పొర మెఱయు వైపునకు మిల్లీమీటరులో పదియవవంతు లోతున మాత్రమే యున్నది. కావున దానిపై గట్టిపూత వేయుదురు. సీడీలో 700 మెగాబైటులు, డీవీడీలో 4.7 గిగాబైటులు, బ్లూరేలో పొర యొక్కింటికి 25 గిగాబైటులు పట్టును.

డీవీడీ పేరు ప్రక్కన నొకదానికి కూడిక గుఱుతును, మఱియొకదానికి తీసివేత గుఱుతును చూచి పలువురు తికమకపడుదురు. అది రెండు కంపెనీల కూటముల జగడము. మన కాలపు యంత్రములు రెంటిని చదువును గనుక ఆ జగడము వారికే విడిచిపెట్టవచ్చును. అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. కొన్ని బిళ్ళలపై నొక్కమాఱే వ్రాయవచ్చును. కొన్నింటిపై చెఱపి చెఱపి మఱల వ్రాయవచ్చును. మఱల వ్రాయదగినవానిలో రంగునకు బదులు ఒక మిశ్రలోహపు పొర యుండును. కిరణపు వేడికి అది స్ఫటికరూపమును విడుచుచు, మఱల తాల్చుచు నుండును. పలక వంటి దిది. లెక్కలు చేసికొనుటకు పలక మంచిదే. దస్తావేజు పలకమీద వ్రాయుదుమా?

ఒక్కమాఱే వ్రాయదగిన బ్లూరేలలో మొదట వచ్చినవి నిరింద్రియమైన పొర గలవి. తరువాత చౌకగా చేయుటకై మఱల రంగుపొరనే వాడి ఎల్‌టీహెచ్ అను రకమును దింపినారు. డబ్బాపై ఆ మూడక్షరములున్నచో చిరకాలపు పనికి దానిని కొనవలదని మా సలహా.

ఇక వెయ్యేండ్ల బిళ్ళ సంగతి. అమెరికాలోని మిలెనియాటా అను కంపెనీ రంగును పూర్తిగా విడిచి, రాతివంటి నిరింద్రియపొరను బిళ్ళలో వేసి, దానికి ఎం-డిస్క్ అని పేరు పెట్టి, ఇది వెయ్యేండ్లు నిలుచునని ప్రకటించినది. డీవీడీ రకపు ఎం-డిస్కుపై వ్రాయుటకు ఎక్కువ బలముగల కిరణము కావలెను. చదువుటకు మామూలు యంత్రము చాలును. వెయ్యేండ్లని యెట్లు తెలిసినది? బిళ్ళలను 80 డిగ్రీలకు పైబడిన వేడిలో, దట్టమైన తేమలో కొన్ని వారములుంచి, తప్పులెంత వేగముగా పెరుగునో చూచి, ఆ వేగమునుబట్టి మామూలు గదిలో నెన్నియేండ్లు పట్టునో గుణింతురు. ఇది గౌరవింపదగిన పద్ధతియే. బిళ్ళల యాయువును లెక్కించుటకు అంతర్జాతీయ ప్రమాణములును ఇట్టి పద్ధతినే చెప్పుచున్నవి. లెక్క తప్పని మేమనము. కాని వెయ్యేండ్ల మాట చెప్పిన కంపెనీ 2016లో దివాలా తీసినది. బిళ్ళలు ఆ పేరుతోనే వేఱు సంస్థల ద్వారా తరువాతను అమ్ముడైనవి. దీనిని మేము పరిహాసమునకు చెప్పుట లేదు. రాయి నిలుచుట వేఱు, రాతిని చెక్కిన శిల్పిశాల నిలుచుట వేఱు. ఆ రెండవదానికి వేడిపెట్టి చూచు పరీక్ష యెవ్వరును కనిపెట్టలేదు.

అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ బిళ్ళల రక్షణమునుగూర్చి 2003లో నొక మార్గదర్శిని ప్రకటించినది. ఒక్కమాఱు వ్రాయదగిన బిళ్ళలు తగిన రక్షణలో నూఱు మొదలు రెండువందలయేండ్ల వఱకు నిలువగలవని తయారుచేయువారి యభిప్రాయముగా అందు చెప్పబడినది. తగిన రక్షణ యనగా చల్లదనము, పొడిదనము, చీకటి. ఆ నూఱేండ్లు చల్లని గదిలోని నూఱేండ్లు. వైశాఖమాసమున రేకులకప్పు క్రింది అటకమీది నూఱేండ్లు కావు. మన యిండ్లలో బిళ్ళలుండు తావులేవి? టీవీ వెనుక, పడమటిగోడ నానుకొన్న ఇనుపబీరువాలో, కిటికీగూటిలో, లేదా కూరగాయల రసీదులతో కలిసి సొరుగులో. అటక వేడికి చెడిన బిళ్ళను చూపి దైవవశమని చెప్పు న్యాసధారిని యాజ్ఞవల్క్యుడు విడిచిపెట్టునని మేము నమ్మము. వరద వచ్చిన దైవము. ప్రతియేడును వచ్చు వేసవి దైవమెట్లగును?

బిళ్ళ నిలిచినను చదువు యంత్రము నిలువవలెను. రికార్డు చేయదగిన సీడీని మొదట రూపొందించిన జపానుదేశపు తైయో యుడెన్ కంపెనీ 2015లో బిళ్ళల వ్యాపారమునుండియే తప్పుకొన్నది. పానసోనిక్ 2023 ఫిబ్రవరిలో వ్రాయదగిన బ్లూరేల తయారీ నిలిపినది. సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపినది; దానితోపాటు చేతికెమెరాల మినీడీవీ క్యాసెట్టులను సైతము ఆపినది. ఇంకను తయారుచేయువారు లేకపోలేదు. కాని దారి యెటు పోవుచున్నదో తెలియుటకు ఇవి చాలును.

ఇంగ్లండులో నొక విచిత్రము జరిగినది. 1086లో విలియం రాజు తన దేశపు భూములన్నిటిని లెక్క వ్రాయించి డూమ్స్‌డే అను గ్రంథమును సిద్ధపఱపించెను. దానికి తొమ్మిదివందలయేండ్లు నిండిన సందర్భమున, 1986లో, బీబీసీవారు నూతనమైన డూమ్స్‌డే నొకదానిని తలపెట్టిరి. దేశమంతట బడిపిల్లలు తమ యూళ్ళగుఱించి వ్రాసి, ఛాయాచిత్రములు తీసి పంపిరి. దానినంతటిని రెండు పెద్ద లేసరు బిళ్ళలపై నెక్కించిరి. పదునైదేండ్లు తిరుగునప్పటికి ఆ బిళ్ళలను చదువు యంత్రములు అరుదైపోయినవి. 2002లో లీడ్సు, మిషిగను విశ్వవిద్యాలయముల పండితులు పాత యంత్రమును క్రొత్త యంత్రములో అనుకరించు నుపాయము కనిపెట్టి దానిని తెఱపింపవలసి వచ్చినది. విలియం రాజుగారి చర్మపత్రములు మాత్రము నేటికిని కంటితో చదువవచ్చును. పిల్లల చేత వ్రాయించిన యే బడిపంతులునకైనను ఈ కథ వినిన మనసు కలుక్కుమనును.

ఇవన్నియు విని, బిళ్ళలమాట మానుడు, వస్తువును నమ్మవలదు, మనుష్యులను నమ్ముడు. తరతరమునకు ప్రతులు వ్రాసికొనుచు పోవుటయే మన పెద్దల మార్గము అని చెప్పువా రుందురు. నిజమే, తాటియాకు మన యెండలలో కొన్ని తరములకంటె నిలువదు. మన వాఙ్మయము మనదాక వచ్చినది ఆకు గట్టిదగుటవలన కాదు, వ్రాయసకాండ్రు మఱల మఱల వ్రాయుటవలన. వారు ప్రతి తుదిని, నూనెనుండి, నీటినుండి, వదులు కట్టునుండి నన్ను కాపాడుమని పుస్తకమే మొఱపెట్టుకొన్నట్లు వ్రాయు నాచారము గలదు. కడపలో బ్రౌనుదొర పండితులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించినదియు నీ మార్గమే.

కాని ప్రతులు వ్రాయు మార్గములో నొక లోపమున్నది. దానిని మన పెద్దలయెడ భక్తిచేత కప్పిపుచ్చరాదు. ప్రతి వ్రాయువాడు తనకు నచ్చినదానికే ప్రతి వ్రాయును. నచ్చనిది ఒక తరమునకే నశించును. తాళ్ళపాక అన్నమాచార్యుల కీర్తనలను చూడుడు. ఆయన 1408లో జన్మించి 1503లో గతించెను. ఆయన వంశమువారు ఆ కీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో నొక యఱలో భద్రపఱచిరి. తరువాతి కాలమున వానిని పట్టించుకొన్నవారు అరుదు. 1922లో ఆ రేకులు వెలికివచ్చినవి. రెండువేలకు మించిన రేకులు! శ్రద్ధ లేని శతాబ్దములను దాటించినది రాగి. అచ్చట మనుష్యులను మాత్రమే నమ్మియుండినచో నేడు మనకు ఆ కవి లేడు. కావున గట్టి వస్తువును వెదకుట వట్టి వెఱ్ఱి యని మే మొప్పుకొనము. గట్టి వస్తువు నిర్లక్ష్యమును దాటి బ్రదుకును. ఒక తరమువారి యిష్టాయిష్టములను దాటి బ్రదుకును.

అయితే ఆ రేకులే రెండవ సంగతియు చెప్పుచున్నవి. వానిపై పాటయు రాగముపేరును చెక్కబడినవి, పాడినతీరు చెక్కబడలేదు. అది గొంతునుండి గొంతునకు పోవలసినది, నడుమ తెగిపోయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు మఱల స్వరములు కట్టవలసి వచ్చినది. రాగి మాటను దాచగలిగినది గాని పాటను దాచలేకపోయినది. వీడియో బిళ్ళ పాటనుకూడ దాచును గదా యనవచ్చును. దాచును. కాని ఆ పసుపుచీర కట్టుకొన్నామె యెవరు, ఆమె యెవరిని చూచి నవ్వుచున్నది, ఆ మూలనున్న ముసలాయనను అందఱు నెందుకు తప్పించుకొని పోవుచున్నారు, అన్న విషయములు ఏ బిళ్ళలోను లేవు. అవి చూచువారి నోటిలో నున్నవి.

ఇక్కడ మాకు మనసునకు పట్టిన విషయము వచ్చినది. వెయ్యేండ్ల బిళ్ళకొఱకు తహతహపడువారిలో కొందఱి యుద్దేశము దాచుట కాదని మా యనుమానము, విడుదల పొందుట. ఒక్కమాఱు వెల పెట్టి కొని, వ్రాయించి, పెట్టెలో పెట్టి తాళము వేసినచో ఇక నా పని తీఱినదనుకొనుటలో నొక సుఖమున్నది. దసరాలలో పుస్తకములను పీటమీద పెట్టి పసుపుకుంకుమలతో పూజించి, పూజ కాగానే మఱల కట్టి లోపల పెట్టి, ఏడాదిలో నొక్కమాఱైనను విప్పి చూడని యిండ్లు మనకు క్రొత్త కావు. ఋషిఋణము స్వాధ్యాయముచేత తీఱునని చెప్పిరి గాని గ్రంథములను కలిగియుండుటచేత తీఱునని చెప్పలేదు. తల్లి గొంతు వెయ్యేండ్లు నిలుచు బిళ్ళలో నున్నదని ధైర్యము తెచ్చుకొని, పదియేండ్లుగా దానిని వినని కొడుకు దేనిని దాచినట్లు?

మఱికొందఱు దీనికి ఎదురుప్రక్క నుందురు. జగమే నశ్వరము, ఇక వీడియోలేమి శాశ్వతములని చేతులు దులుపుకొందురు. తన జ్ఞాపకముల విషయమున నొకడు వైరాగ్యము పూనిన పూనవచ్చును. తన మనుమల జ్ఞాపకముల విషయమున వానికా వైరాగ్యము పూను అధికారము లేదు. ఉపనిధిని పాడుచేసి వేదాంతము చెప్పుట న్యాయస్థానమున చెల్లదు.

మేమెఱిగిన యొక కుటుంబములో జరిగినది చెప్పెదము. పెద్దకుమారుని వివాహమును క్యాసెట్టుగా తీయించిరి. అందు చెల్లెలు, అప్పటికి లంగావోణీ వేసికొను పిల్ల, పందిరియంతట తానే యై తిరిగినది. కొన్నియేండ్లకు ఆమె మఱియొక కులమువానిని వివాహమాడినది. తండ్రి ఆమె పేరెత్తవలదన్నాడు. తరువాత క్యాసెట్టును బిళ్ళకు మార్పించునపుడు, ఆ పిల్ల కనబడు భాగములన్నియు కోసివేయుమని అంగడివానితో చెప్పినాడు. అంగడివాడు తన పని తాను చేసినాడు. క్యాసెట్టు పాతసామానులవానికి పోయినది. తండ్రి గతించిన పిదప తల్లి కూతురిని పిలిపించుకొని, ఇద్దఱును కూర్చుండి ఆ బిళ్ళ వేసి చూచిరి. తలంబ్రాలవేళ తెఱ యంచున, గాజులతో పళ్ళెము పట్టుకొన్న చేయి యొకటి క్షణకాలము కనబడును. కోసినవాని కన్ను దానిపై పడలేదు. తల్లి ఆ చోట నాపి, ఇది నీ చేయే, ఇది నీ చేయే యని చూపుచుండెనట.

ఆ బిళ్ళ యే రకమో, యెన్నియేండ్లు నిలుచునో మేమడుగలేదు. ఎంత మంచి బిళ్ళయైనను అది యబద్ధమునే అంతకాలము నిలుపును. ఉపనిధిని ఉన్నదున్నట్లీయవలెనన్న నియమము ఇచ్చట నెంత పదునైనదో చదువరులు చూచుకొనవచ్చును. పాతదానినుండి క్రొత్తదానికి మార్చు ప్రతిసమయమును ఒక కత్తెర యెవరిచేతికో చిక్కు సమయము. కావున ఒక్కమాఱే వ్రాయదగిన బిళ్ళను మేము కోరుట మన్నికకొఱకు మాత్రమే కాదు. అది వ్రాసిన పిదప మాట మార్చని సాక్షి. ముందుగా కోయని పూర్తిప్రతి నొకదానిని వ్రాయించి, అందముగా కూర్చిన చిన్నప్రతిని వేఱుగా చేయించుకొనవలెను. ముందు కోసి, కోసినదానిని శాశ్వతము చేయుట కూడదు.

తీసినపుడే కోయబడినవా రున్నారు, వారి మాట యేమి? మన పెండ్లిచిత్రములలో వితంతువైన మేనత్త యెక్కడ? ఆమె వంటయింటిలో నున్నది; లేదా స్తంభముచాటున నున్నది. శుభకార్యమునకు ఎదురు రారాదను దురాచారము నేటికిని పలు యిండ్లలో చావలేదు. కెమెరాపట్టువాడు దానిని సృష్టింపలేదు గాని తెఱమీద దానిని శాశ్వతము చేయుచున్నాడు. పెండ్లినాటి నగలు మూడుగంటలు తీసి, ఆ పెండ్లికై ఆఱునెలలు అప్పడములొత్తిన యామెను మూడు నిమిషములు తీయకుండుట యేమి లెక్క? ఆమెను కూర్చుండబెట్టి, ఆమె బాల్యమునుగూర్చి యడిగి, చెప్పినదానిని తీయించుడు. వెయ్యేండ్ల బిళ్ళ కొనదలచినవారు అందు మొదట నెక్కింపదగినది అది.

తన చిత్రము ఉంచవద్దని ఎవరైన తామే కోరినచో? దుఃఖముతో ముగిసిన వివాహపు చిత్రమును చూడనొల్లని స్త్రీ కోరినచో? దాచినవారే తిరిగి యడిగిన, ఈయవలసినదే. కోరువారు తమ్ము తాము తొలగించుకొనుటకును, ఒకరు మఱియొకరిని తొలగించుటకును గల భేదము స్పష్టము.

ఇక నీ బిళ్ళ యెవరి యింట నుండవలెను? వాడుక యేమనగా, పెద్దకొడుకింట నుండును. కూతురు పుట్టింటికి వచ్చినపుడు చూచిపోవును, వదినగారికి తీఱిక యున్నచో. ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టముచేతను, దేశమంతటికిని 2005 నాటి చట్టముచేతను కూతునకు ఉమ్మడియాస్తిలో కొడుకుతో సమానమైన హక్కు వచ్చినది. భూమివిషయమున ఆ హక్కునకు నోరు చేసికొనువారున్నారు, ఏలయన పంచినకొలది పొలము తగ్గును. బిళ్ళ పంచినకొలది తఱుగదు. ఒకటికి నాలుగు వ్రాయించి నలుగురు పిల్లలకు నాలిగిచ్చినచో, విజయవాడలోని దానికి చెమ్మ పట్టినను హైదరాబాదులోనిది మిగులును. రెండును పోయినను డల్లాసులో నున్న కూతురిది మిగులును. భద్రపఱచు విద్య యెఱిగినవారు, ప్రతులు మూడు, వాహకములు రెండు రకములు, ఒకటి వేఱు ఊరిలో అని చెప్పుచున్నారు. వారు చెప్పునది అగ్నిభయముచేత. మేము చెప్పునది న్యాయముచేత. రెండు దారులును ఒకే గుమ్మమునకు చేరుట చూచి మాకు సంతోషము కలిగినది.

కావున అడిగినవారికి మేము చెప్పున దిది. పాత క్యాసెట్టులనుండి తీసినదైనచో ఎం-డిస్కు డీవీడీ చాలును. ఫోనులతో తీసిన పెద్ద చిత్రములైనచో నిరింద్రియపొర గల బ్లూరే. పేరులేని చౌకబిళ్ళల గుత్తి వలదు. చెఱపి వ్రాయు రకము వలదు. వ్రాసిన వెంటనే అంగడిలోనే వేఱొక యంత్రములో మొదటినుండి తుదివఱకు చదివింపుడు. వ్రాత ముగించి ముద్ర వేయించుట మఱవరాదు, లేనిచో ఇతరయంత్రములు చదువకపోవచ్చును. బిళ్ళతోపాటు హార్డు డిస్కుపై నొక ప్రతి యుండవలెను. చదువు యంత్రమును సైతము ఒకదానిని కొని, బిళ్ళలతో కలిపి యుంచుడు. ఏడాది కొక్కమాఱు, సరస్వతీపూజనాడే యనుకొందము, పిల్లలతో కూర్చుండి కొంత వేసి చూడుడు. తడబాటు కనబడినచో ఆ నెలలోనే క్రొత్తప్రతి వ్రాయింపుడు. పదియేండ్లకొకమాఱు తడబాటు లేకున్నను వ్రాయింపుడు. మెత్తని మొనగల, నీటిసిరా కలముతో బిళ్ళపై తేదీయు ఊరును మాత్రము వ్రాయుడు. ఒక కాగితముపై మాత్రము తెఱమీద కనబడు వారందఱి పేర్లను, ఎవరు ఎవరికేమగుదురో, ఎవరు లేరో, ఎందుకు లేరో వ్రాసి కవరులో పెట్టుడు. ఆ పేర్లన్నియు చెప్పగలిగినవారు ఇంటికొక్కరో యిద్దఱో యుందురు. వారికి డెబ్బదియేండ్లు దాటియుండును. బిళ్ళ కొనుటకు అంగడికి పోకముందే వారియొద్దకు కాగితము పట్టుకొనిపోవలెను.